గడువుగల దానము: ఫోర్డు ఫౌండేషన్ కళలకును, కట్టడములకును, ప్రజాసంస్థలకును ధనమొసగిన తీరు

పాత గ్రంథాలయములలో తెలుగు పుస్తకములు వెదకువారికి “దక్షిణ భాషా పుస్తక సంస్థ, మదరాసు” అను ముద్రగల సంపుటములు అప్పుడప్పుడు చేతికి తగులుచుండును. వానిని వాడుకొను పరిశోధక విద్యార్థులలో పెక్కుమందికి ఆ సంస్థ ఎప్పుడు పుట్టినదో, ఎవరి సొమ్ముతో నడచినదో తెలియదు. మేమును చాలకాలము ఆ విషయమును విచారింపలేదు. అది 1955లో మదరాసున ఏర్పడినది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషలలో మంచి పుస్తకములు తక్కువ వెలకు వెలువడునట్లు చేయుట దాని పని. దానికి ధనమిచ్చినది అమెరికాలోని ఫోర్డు ఫౌండేషన్. డెట్రాయిట్ నగరమున మోటారుబండ్లు చేసి గడించిన సొమ్ము ఆంధ్రదేశమున ఒక బడిపంతులు కొనుక్కొను చౌకపుస్తకముగా మారిన దారి యెట్టిది? ఆ దారిలో ఎవరెవరు ఏమేమి నిర్ణయించిరి? ఇచ్చినవారు తొలగిన పిమ్మట పుచ్చుకొన్నవారికి ఏమి మిగిలినది? ఈ ప్రశ్నలే ఈ వ్యాసమునకు మూలము.

‘ఫౌండేషన్’ అను మాటకు ధర్మసంస్థ యనియు, ధర్మనిధి యనియు మనవారు వాడుచున్నారు. ఆ పేరులు కొంతవరకు సరిపడును, కొంతవరకు సరిపడవు. ధర్మనిధి యనగానే మనకు ఒక గుడికో, సత్రమునకో విడిచిన మాన్యము స్ఫురించును. అమెరికన్ ఫౌండేషన్ తాను సత్రము నడుపదు. సత్రము నడుపుదుమని వచ్చినవారిలో కొందరిని ఎన్నుకొని కొన్ని యేండ్లకు సొమ్మిచ్చును. అసలు తనయొద్దనే యుండును. ఆ అసలుపై వచ్చు రాబడియే దానముగా పంచబడును. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అను మూడు నిర్ణయములును దాత చేతిలోనే యుండుట ఈ పద్ధతి ప్రత్యేకత. అందుచే ఈ వ్యాసమున మేము ఫౌండేషన్ అను మాటనే వాడుచున్నాము.

ఫోర్డు ఫౌండేషన్ 1936 జనవరి 15వ తేదీన మిషిగన్ రాష్ట్రమున స్థాపింపబడినది. స్థాపకుడు హెన్రీ ఫోర్డు కుమారుడైన ఎడ్సెల్ ఫోర్డు; తొలి విరాళము 25,000 డాలర్లు. ఇంత చిన్న మొత్తముతో ఆరంభమగుటకు కారణము వేరే కలదు. అంతకు ముందటి సంవత్సరమే, అనగా 1935లో, అమెరికా ప్రభుత్వము మిక్కిలి పెద్ద ఆస్తులపై మరణానంతర పన్నును నూటికి 70 పాళ్ల వరకు పెంచినది. ఫోర్డు కుటుంబము తమ కంపెనీ వాటాలను రెండు తరగతులుగా విభజించినది. మొత్తములో 95 పాళ్లు ఓటుహక్కు లేనివి. 5 పాళ్లు ఓటుహక్కు గలవి. ఓటు లేని వాటాలు ఫౌండేషన్‌కు చేరునట్లును, ఓటుగల వాటాలు కుటుంబమున నిలుచునట్లును ఏర్పాటు జరిగినది. 1943లో ఎడ్సెల్, 1947లో హెన్రీ మరణించిరి. కంపెనీ పెత్తనము కుటుంబము చేయి దాటలేదు. ఫౌండేషన్ మాత్రము ఒక్కసారిగా ప్రపంచములోని మిక్కిలి ధనిక దానసంస్థలలో ఒకటి యయ్యెను. ఇందు ధర్మచింత ఎంత, పన్నుచింత ఎంత యని తూచుటకు త్రాసు లేదు. మన రాజుల దానశాసనములలో పుణ్యార్థముగా ఇచ్చితిమని యుండును; ఆ అగ్రహారము సరిహద్దున నెలకొల్పుటలో రాజకీయప్రయోజనము ఉన్నను శాసనము దానిని చెప్పదు. దాత ఉద్దేశము ఎట్టిదైనను, దానము చేసిన పని వేరుగా పరిశీలింపదగినది.

మొదటి పదునొకండ్లు ఈ ఫౌండేషన్ ఆ ప్రాంతపు సంస్థలకే, ముఖ్యముగా హెన్రీ ఫోర్డు పేరగల ఆసుపత్రికిని, ఆయన నెలకొల్పిన వస్తుప్రదర్శనశాలకును, సొమ్మిచ్చుచుండెను. ఆస్తి పెరిగిన తర్వాత ఏమి చేయవలెనో తేల్చుటకు 1948లో రోవన్ గైథర్ అను న్యాయవాది అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. వారి నివేదిక 1949లో సిద్ధమైనది. అది ఐదు రంగములను పేర్కొన్నది: ప్రపంచశాంతి, ప్రజాస్వామ్యము, ఆర్థికవ్యవస్థ, విద్య, మానవప్రవర్తన. పాఠకులు గమనింపవలసినది ఒకటి కలదు. ఈ ఐదింటిలో కళ లేదు. సంగీతము, నాటకము, చిత్రలేఖనము, వాస్తువు అనునవి ఆ మహానివేదికలో ప్రత్యేకస్థానము పొందలేదు. ప్రపంచయుద్ధము ముగిసిన నాలుగేండ్లకు వ్రాయబడిన పత్రమగుటచే ఆకలి, యుద్ధము, పరిపాలన అనునవే వారి దృష్టిలో నిలిచినవి కాబోలు.

కళలకు ప్రత్యేకవిభాగము 1957లో వచ్చినది. దానిని నడపినవాడు మెక్‌నీల్ లౌరీ. ఇతడు కళాసంస్థలకు సొమ్మిచ్చు విధానమును ఒక శాస్త్రముగా చేసినాడనుట అతిశయోక్తి కాదు. 1963లో నృత్యబృందములకు సుమారు 77 లక్షల డాలర్లు ప్రకటించిరి. అందు సింహభాగము న్యూయార్కు నగర బాలే బృందమునకును, దానితో సంబంధముగల నృత్యపాఠశాలకును పోయినది. తక్కిన నృత్యకారులు, ముఖ్యముగా నవీననృత్యమార్గమువారు, గట్టిగా నిరసించిరి. ఒక ధనికసంస్థ ఒక శైలిని వరించినచో ఆ శైలియే దేశపు శైలిగా చెలామణి యగునను భయము వారిది. ఆ భయము నిరాధారమని మేము తలపము. రాజాస్థానములలో ప్రబంధమునకు దొరికిన గౌరవము పదకవితకు, యక్షగానమునకు ఎల్లప్పుడు దొరకలేదు కదా. పోషకుని అభిరుచి సాహిత్యచరిత్రను ఎట్లు మలచునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

1966లో 61 వాద్యబృందములకు 802 లక్షల డాలర్లు ఇచ్చిరి. ఈ దానపు నిబంధనలు శ్రద్ధగా చూడదగినవి. సొమ్ములో పెద్దభాగము పదియేండ్లపాటు ట్రస్టులో నిలువయుండి, పిమ్మట ఆ బృందములకే మూలధనముగా చెందును. ఈలోగా ప్రతి బృందమును తన ఊరివారినుండి నిర్ణీతమొత్తము తానుగా సేకరింపవలెను. దీనివలన రెండు ప్రయోజనములు కలిగినవి. బృందమునకు శాశ్వతమైన ఆదాయము ఏర్పడినది; ఆ ఊరి ప్రజలు తమ సొమ్ముకూడ అందు కలిసియుండుటచే ఆ బృందమును తమదిగా భావించిరి. ఈ ఒక్క ఉదాహరణమును పాఠకులు మనసున నుంచుకొనవలెనని మా ప్రార్థన. మదరాసు పుస్తకసంస్థ కథకు వచ్చినప్పుడు దీనితో పోల్చి చూడవలసియుండును.

ఇక భారతదేశము. ఫౌండేషన్ అధ్యక్షుడైన పాల్ హాఫ్‌మన్ 1951లో ఇచ్చటికి వచ్చెను. 1952లో ఢిల్లీలో కార్యాలయము తెరువబడినది. అమెరికా వెలుపల వారికి అదియే మొదటి కార్యాలయము. గ్రామీణసమాజశాస్త్రమున నిపుణుడైన డగ్లస్ ఎన్స్‌మింగర్ 1970 వరకు దాని ప్రతినిధిగా నుండెను. 1952 అక్టోబరు 2వ తేదీన మొదలైన సమాజవికాసపథకమునకును, గ్రామసేవకుల శిక్షణకును ఫౌండేషన్ సాయము చేసినది. 1960–61లో దేశమున ఏడు జిల్లాలలో ఆరంభమైన సాంద్రవ్యవసాయపథకములో మన పశ్చిమగోదావరి జిల్లా యొకటి. విత్తనము, ఎరువు, అప్పు, సలహా అన్నియు కలిపి ఒకేచోట అందించుట దాని పద్ధతి. వ్యవసాయచరిత్ర వ్రాయువారు దానిని విపులముగా చర్చించిరి గనుక మేము ఇంతటితో విడిచెదము.

కట్టడముల విషయమున ఈ ఫౌండేషన్ మూడువిధముల పనిచేసినది. నగరనిర్మాణమునకు నిపుణులను పంపుట ఒకటి. 1957 తర్వాత ఆల్బర్ట్ మేయర్ నాయకత్వమున వచ్చిన బృందము ఢిల్లీ బృహత్ప్రణాళిక తయారీలో పాల్గొన్నది. ఆ ప్రణాళిక 1962లో అమలులోనికి వచ్చెను. కలకత్తా మహానగరప్రణాళికకును ఇట్లే సాయము అందినది. నివాసము, వ్యాపారము, పరిశ్రమ వేరువేరు మండలములలో ఉండవలెనను పాశ్చాత్యభావము, క్రింద అంగడి, మీద ఇల్లు గల పాతఢిల్లీ వీథులకు ఎంత సరిపడినదో తర్వాత నడచిన వివాదములే చెప్పుచున్నవి.

రెండవది తమకొరకు తాము కట్టుకొన్న భవనములు. న్యూయార్కున కెవిన్ రోష్ రూపకల్పన చేసిన ప్రధానకార్యాలయము 1967లో పూర్తియైనది. పండ్రెండంతస్తుల ఎత్తున గాజుకప్పు క్రింద ఒక తోట, దాని చుట్టును కార్యాలయపు గదులు. బజారున పోవువారును ఆ తోటలోనికి వచ్చి కూర్చుండవచ్చును. అట్లే ఢిల్లీలో లోడీ ఎస్టేటున జోసెఫ్ ఆలెన్ స్టెయిన్ కట్టిన కార్యాలయము 1968 నాటిది. స్టెయిన్ 1952లో బెంగాలునందలి శివపురపు ఇంజనీరింగు కళాశాలకు ఆచార్యుడుగా వచ్చి ఈ దేశముననే స్థిరపడిన అమెరికన్. దాని ప్రక్కనే ఆయన కట్టిన ఇండియా ఇంటర్నేషనల్ సెంటరు 1962లో ప్రారంభమైనది. దానికి ధనమిచ్చినది రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్. ఇసుకరాయి, జాలీలు, చెట్లు, నీరు, నీడ వీనిని ఎరిగిన చేతి పని యది. పేదదేశమునకు సాయముచేయ వచ్చినవారు తమకై ఇంత అందమైన ఇల్లు కట్టుకొనుట తగునా యని ఆనాడు అడిగినవారు లేకపోలేదు. వారి ప్రశ్న న్యాయమైనదే. అయినను ఆ భవనములు ఢిల్లీ వాస్తువిద్యార్థులకు పాఠములైనవి. దానపత్రమున వ్రాయని దానములు కొన్ని ఇట్లుండును.

మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. భారతప్రభుత్వపు ఆహ్వానమున, ఫౌండేషన్ ఖర్చుతో, చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను రూపశిల్పి దంపతులు ఇచ్చటికి వచ్చి దేశమంతయు తిరిగి 1958 ఏప్రిలులో ఒక చిన్న నివేదిక సమర్పించిరి. చిన్నపరిశ్రమలలో తయారగు వస్తువుల నాణ్యము ఎట్లు నిలుపవలెనని ప్రభుత్వము అడిగిన ప్రశ్న. వారు యంత్రములను గూర్చి మొదలిడక మన చెంబును గూర్చి వ్రాసిరి. చెంబునకు ఎంత నీరు పట్టవలెను, చేతికి ఎట్లు ఒదుగవలెను, నెత్తిన పెట్టుకొన్నప్పుడును చంకన పెట్టుకొన్నప్పుడును బరువు ఎటు మొగ్గును, వంచినప్పుడు నీరు ఎట్లు జారును, తోముట ఎంత సులువు, వెల యెంత యని ప్రశ్నించుచు, ఇది ఏ యొక్కని కల్పనయు గాదనియు, తరతరముల వాడుకయే దానిని తీర్చిదిద్దినదనియు చూపిరి. మన ఇండ్లలో దినమును చేతబట్టు పాత్రను ఇట్లు చూచుటకు పరదేశీయులు రావలసివచ్చెనే యని మొదట మాకు కొంచెము సిగ్గు తోచినది. పిదప, దూరమునుండి వచ్చినవాడే కొన్నింటిని కొత్తగా చూడగలడని సమాధానపడితిమి. ఆ నివేదిక ఫలితముగా 1961లో అహమ్మదాబాదున జాతీయరూపకల్పనసంస్థ ఏర్పడినది. గౌతమ్ సారాభాయి, గీరా సారాభాయి దానిని తీర్చిదిద్దిరి. విదేశీయ ఉపాధ్యాయుల రాకకును, మన యువకుల విదేశశిక్షణకును ఫౌండేషన్ సాయపడెను. ఇది నిలిచినది. నిలుచుటకు కారణము స్పష్టము: నివేదిక ఖర్చు ఫౌండేషన్‌ది, సంస్థ బాధ్యత మొదటి దినమునుండియు భారతప్రభుత్వముది. ఫౌండేషన్ తన సాయము మాన్పించుకొన్నను జీతములు ఆగలేదు.

ఇప్పుడు మదరాసు పుస్తకసంస్థకు వత్తము. స్వాతంత్ర్యానంతరము తెలుగున చదువరుల సంఖ్య పెరుగుచుండెను. చదువదగిన చౌకపుస్తకములు చాలవు. పాఠ్యపుస్తకములు అమ్ముకొనినచో నిశ్చితలాభము గనుక ప్రచురణకర్తలు తక్కిన వానిపై సొమ్ము పెట్టుటకు వెనుదీయుదురు. దక్షిణ భాషా పుస్తక సంస్థ తాను అచ్చుకూటము పెట్టలేదు. తగిన గ్రంథములను ఎన్నుకొని, అనువాదములు చేయించి, ప్రైవేటు ప్రచురణకర్తలద్వారా తక్కువ వెలకు వెలువరింపజేయుట దాని పద్ధతి. నష్టభయమును సంస్థ పంచుకొనును. ప్రచురణకర్త ప్రతులు ఎక్కువ వేసి వెల తగ్గించును. పుస్తకముల తయారీలో, అమ్మకములో శిక్షణ యిచ్చుటకూడ దాని పనులలో చేరినది. గ్రంథము వ్రాయుట, అచ్చువేయుట మాత్రమే గాక, ఊరూర అమ్ముటయు ఒక విద్యయని గుర్తించుట ఆ సంస్థ చేసిన మేలులలో మేటియని మా అభిప్రాయము. కేంద్రప్రభుత్వపు నేషనల్ బుక్ ట్రస్టు ఏర్పడినది 1957లో. మదరాసు సంస్థ దానికి రెండేండ్లు పెద్దది.

ఇది మనదేశమున శూన్యములో మొలచిన మొక్క గాదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము 1901లో పుట్టినది. విజ్ఞానచంద్రికామండలి 1906లో వెలసి చందాదారుల బలముతో శాస్త్రగ్రంథములు ప్రకటించెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము బెజవాడలో ఏర్పడెను. పిఠాపురపు మహారాజుగారి పోషణమున సూర్యరాయాంధ్రనిఘంటువు సాగినది. చందా, ఊరి చేయూత, జమీందారుల ఔదార్యము అను మూడు దారులును మనకు పరిచయమైనవే. జమీందారీలు రద్దయినవి, ప్రభుత్వము ఇంకను చేయి చాచలేదు, ఆ నడిమి ఖాళీలో విదేశీయ ఫౌండేషన్ అడుగిడినది. అందుచేతనే దాని ధనము చిన్నదైనను కనబడినది.

కాని గ్రాంటు గడువుగలది. అనువాదము చేయించు ఖర్చు, వెల తగ్గించుటవలని లోటు, శిక్షణ వ్యయము, ఇవన్నియు గ్రాంటుపై ఆధారపడినంతకాలము పని సాగును. గడువు తీరినచో మరల అర్జీ, మరల పరిశీలన, మరల కొంతగడువు. చివరకు ఇకమీద ఇయ్యమను సూచనతో ముగింపు గ్రాంటు. ఇది ఆ ఫౌండేషన్ ఒక్కదాని ఆచారము గాదు, ఆధునికదానపద్ధతియే అట్టిది. పుచ్చుకొనువారు తమ కాళ్లపై నిలువవలెననుట దాతల వాదము. వాదము వినుటకు బాగున్నది. అమెరికాలో 61 వాద్యబృందములు తమ కాళ్లపై నిలుచుటకు వారికి మూలధనమే ఇచ్చిరి గదా! మదరాసున నాలుగు భాషల చదువరులకు పుస్తకములు సమకూర్చు సంస్థకు అట్టి మూలధనము ఏల ఇయ్యరాదు? సింఫనీ బృందము సహజముగా నష్టమున నడచునని వారు ఒప్పుకొనిరి. ఉత్తమగ్రంథప్రచురణము మాత్రము కొన్నాళ్ల ఊతతో లాభసాటి వ్యాపారముగా మారునని ఆశించిరి. ఈ రెండు తలంపులలోని భేదమే ఆ రెండు దానముల ఫలితములలోని భేదము.

వారి ఆశ పూర్తిగా అడియాస యనియు చెప్పరాదు. 1960 తర్వాత ఎమెస్కోవారు చౌక సంపుటములను, ఇంటింట గ్రంథాలయ పథకమును నడపి చదువరులను వేలకొలది కూడగట్టిరి. విదేశీయధనము లేకయే ఇది జరిగినది. అయితే ఆ చదువరులకు ఎక్కువగా అందినవి నవలలు. విజ్ఞానగ్రంథములు, ఇరుగుపొరుగు భాషల అనువాదములు మాత్రము ఎవరో ఒకరు నష్టము భరించినప్పుడే వెలువడుచు వచ్చినవి, ఇప్పటికిని అంతే. ఏది అంగడిలో తనంతట నిలుచును, ఏది నిలువదు అను లెక్క మదరాసు సంస్థ చరిత్రవలన మనకు తెలియుచున్నది.

1970 తర్వాత అమెరికాలో వాటాల ధరలు పడిపోగా ఫౌండేషన్ ఆస్తి తరిగి గ్రాంటులు కుదించుకొనవలసివచ్చెను. అప్పటికే 1969 నాటి పన్నుల చట్టము ఫౌండేషన్లన్నిటికిని కొత్త కట్టుబాట్లు విధించినది. ఏటేట కొంత సొమ్ము తప్పక పంచవలెననుట అందొకటి. 1976లో హెన్రీ ఫోర్డు మనుమడు పాలకమండలికి రాజీనామా యిచ్చెను. పెట్టుబడిదారీ వ్యవస్థ కన్నబిడ్డ యగు సంస్థలో ఆ వ్యవస్థయెడ కృతజ్ఞత కానరాదని ఆయన ఆవేదన. దాతృవంశముతో సంబంధము తెగిన దాననిధి ఎవరి ఇచ్చవొప్పున నడచును? కార్యక్రమాధికారుల ఇచ్చవొప్పున. భారతదేశపు కళలకు రెండవదశ అట్టి అధికారులవలననే వచ్చినది.

ఈ దశలో ధనము జానపదకళలకును, చిన్న ఊళ్ల నాటకసమాజములకును మరలినది. కర్ణాటకమున హెగ్గోడు అను పల్లెలో 1949లో పుట్టిన నీనాసమ్ సమాజమునకు ఫౌండేషన్ సాయము చేయగా, 1983–85 మధ్య ‘జనస్పందన’ అను పేర ఊరూర నాటకశిక్షణ, చలనచిత్రపరిచయ శిబిరములు నడచినవి. గ్రాంటు ముగియు ఏడే, అనగా 1985లో, వారు ‘తిరుగాట’ యను సంచారనాటకబృందమును మొదలిడిరి. అది టిక్కెట్టు కొను ప్రేక్షకులపై ఆధారపడి కర్ణాటకమంతట తిరుగుచు వచ్చినది. కె. వి. సుబ్బణ్ణగారి దక్షత ఇందులో కలదు. గ్రాంటును జీతములకు గాక, ప్రేక్షకులను తయారుచేయుటకు వినియోగించుకొనిన సమాజము గ్రాంటు పోయిన తర్వాతను బ్రదికినది. ఉడుపి నగరమున మహాత్మాగాంధీ స్మారక కళాశాలలో జానపదరంగకళల కేంద్రమునకు ఈ సాయమే అందినది. విదేశీయ విద్వాంసులు ధ్వనిముద్రణము చేసి తమ దేశములకు గొనిపోయిన మన సంగీతపు ప్రతులను మరల ఇచ్చటికి తెచ్చి భద్రపరచుటకు 1982లో ఏర్పడిన సంగీతధ్వని భాండాగారమునకును ఫోర్డు ధనము తోడ్పడెను. 1997లో చెన్నపట్టణమున జాతీయ జానపద సహాయక కేంద్రము ఏర్పడినది. తెలుగు జానపదవిజ్ఞానమున కృషిచేయువారికి దాని ప్రచురణములు పరిచితములే. ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపదగేయ పరిశోధన 1958లోనే గ్రంథరూపమున వెలువడినది. జానపదము గౌరవింపదగినదని మనకు నేర్పినది డాలరు గాదు. సేకరించిన టేపులు బూజుపట్టక నిలుచుటకు మాత్రము చల్లని గది కావలెను, యంత్రము కావలెను, నెలజీతముపై నుండు మనిషి కావలెను. అవి మన విశ్వవిద్యాలయముల పద్దులలో సుళువుగా దొరకవని శాఖలలో పనిచేయువారందరు ఎరుగుదురు.

1993లో బెంగుళూరున ఏర్పడి 1995నుండి కళాకారులకు గ్రాంటు లిచ్చుచున్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ మరియొక మెట్టు. దాని తొలి నిర్వాహకుడైన అన్మోల్ వేలానీ అంతకుముందు ఫోర్డు కార్యాలయమున కళావిభాగమును చూచినవాడు. విదేశీయ ఫౌండేషన్ తాను తిన్నగా కళాకారుని ఎన్నుకొనుట మాని, ఈ దేశమువారే ఎన్నుకొను సంస్థకు తోడ్పడుట దీనియందలి కొత్తదనము.

ఈ ధనముపై శంకలు మొదటినుండియు కలవు. అమెరికాలోనే 1952–54 మధ్య శాసనసభాసంఘములు ఫౌండేషన్లు వామపక్షమునకు తోడ్పడుచున్నవని విచారణ జరిపినవి. ఇతరదేశములలో ఆరోపణ తలక్రిందులు: అవి అమెరికా ప్రభుత్వపు చేతిపనిముట్లని. రెండవదానికి కొంత ఆధారము లేకపోలేదు. అమెరికా గూఢచారిశాఖ రహస్యధనముతో నడచిన సాంస్కృతికస్వాతంత్ర్య మహాసభకు ఫోర్డు సొమ్మును అందినది. 1966–67లో ఆ రహస్యము బయటపడిన తర్వాత ఆ సంస్థను పేరుమార్చి పోషించినదియు ఫోర్డు ఫౌండేషనే. మనదేశమున విదేశీయవిరాళముల చట్టము 1976లో వచ్చి 2010లో కఠినతరమైనది. 2015 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ఫోర్డు గ్రాంటులకు ముందనుమతి కావలెనని ఆంక్ష విధించి, 2016లో దానిని తొలగించెను. మదరాసు పుస్తకసంస్థ ఎన్నికలపై ఇట్టి ప్రభావము ఎంతవరకు పడినదో ఆ సంస్థ వెలువరించిన గ్రంథముల పట్టికనంతయు కూర్చి చూచినగాని తేలదు. ఏ దేశపు గ్రంథములు ఎన్ని, మన భాషలనుండి మన భాషలలోనికి వచ్చినవి ఎన్ని, అనువాదకులు ఎవరెవరు అను లెక్క తీయుట పరిశోధకవిద్యార్థికి తగిన పని.

గుంటూరు జిల్లాలో మందడమునకు చేరువనున్న మల్కాపుర శాసనము ఈ సందర్భమున మాకు పలుమారులు గుర్తునకు వచ్చినది. శకసంవత్సరము 1183, అనగా క్రీ. శ. 1261 నాటిది. గణపతిదేవుడు మాట యిచ్చిన మందడమును, దానితోపాటు వెలగపూడిని, రుద్రమదేవి గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశివాచార్యునికి ధారవోసెను. ఆయన ఆ సొమ్మును తనయొద్ద నుంచుకొనలేదు. బ్రాహ్మణకుటుంబములకు ఇచ్చినది పోగా మిగిలిన భూమిని మూడు భాగములు చేసి, ఒకటి శివాలయమునకు, ఒకటి విద్యార్థులకును శైవమఠమునకును, ఒకటి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రములకు కేటాయించెను. వేదములు, శాస్త్రములు, సాహిత్యము చెప్పు ఉపాధ్యాయులు, వైద్యుడు, లెక్కలు వ్రాయు కాయస్థుడు, నర్తకులు, గాయనులు, మద్దెలవారు, శిల్పి, కమ్మరి, వడ్రంగి, కంసాలి మున్నగువారికందరికిని వృత్తులు ఏర్పరచెను. కళ, కట్టడము, లోకోపకారము మూడును ఒకే శాసనమున! సత్రపు అన్నము అన్ని కులములవారికిని రేయింబగళ్లు అందవలెనని విధించెను. ఆచార్యుడు దారి తప్పినచో అతనిని తొలగించి వేరొకనిని నియమించు ఏర్పాటును అందు కలదు. పుచ్చుకొనువారికి అర్జీ లేదు, గడువు లేదు. భూమి వారిది, పని వారిది. అయినను శాశ్వతమని వ్రాసినది శాశ్వతము గాలేదు. కాకతీయరాజ్యము 1323లో పడినది. ఆ ప్రసూతిశాల గాని, ఆ మఠము గాని నేడు లేవు. వెలగపూడిలో ఇప్పుడున్నది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సచివాలయము.

ఆ దానమున ఎవరికి ఏమి ముట్టినదో చెప్పుటకు రాయి నిలిచినది. ఫోర్డు ఫౌండేషన్ పాతకాగితములు న్యూయార్కు రాష్ట్రమునందలి రాక్‌ఫెల్లర్ పత్రభాండాగారమునకు చేరినవి. అనుమతి పొంది పరిశోధకులు వానిని చూడవచ్చును. మదరాసు సంస్థ విషయమున మనవైపు సాక్ష్యము పుస్తకములే. వాని ముఖపత్రముల వెనుక ప్రతుల సంఖ్య, వెల, ముద్రాపకుని పేరు ఉండును. మరల అట్ట వేయించునప్పుడు మొదట చిరిగి పోవునవి ఆ పుటలే.